మ్యాపులతో లోకాన్ని చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యాప్ అనగానే ఫోన్‌లో కదిలే నీలి చుక్క గుర్తొచ్చేవాళ్ళ కోసం ఈ పేజీ. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర ఆగి చూసుకోవచ్చు.

మ్యాప్ అంటే దారి చూసుకోవడానికే కదా, దాంతో ఇంకేం తెలుస్తుంది?

దారి చూపించడం అది చేసే పనుల్లో ఒకటి, అంతే. రోగం ఎక్కడ మొదలైంది, నేల కింద ఏ రాయి ఉంది, సముద్రం మీద గాలి ఎటు వీస్తుంది, ఏ పేటలో డబ్బుంది, ఏ పేటలో లేదు అనేవి మ్యాపుల మీద పెట్టి చూసుకుంటూ వచ్చారు. తోకచుక్క వల్ల మనకు పేరు తెలిసిన ఎడ్మండ్ హేలీ 1686లో సముద్రపు గాలుల మ్యాప్ గీశాడు. 1815లో విలియం స్మిత్ ఇంగ్లండ్, వేల్స్ నేల కింద ఉన్న రాతి పొరలకు ఒక్కోదానికి ఒక్కో రంగు వేశాడు. ఆయన కాలవలు తవ్వే చోట పనిచేసిన సర్వేయర్. ఏ పొరలో ఏ శిలాజాలు దొరుకుతున్నాయో చూసుకుంటూ, ఎక్కడెక్కడో ఉన్న రెండు చోట్ల బయటపడింది ఒకే పొర అని పట్టుకునేవాడు.

అంకెల పట్టిక చూస్తే ఎంత అన్నది తెలుస్తుంది. అవే అంకెలు మ్యాప్ మీద పెడితే ఇక్కడే ఎందుకు ఉంది, పక్కన ఎందుకు లేదు అని అనుమానం వస్తుంది. ఆ రెండో అనుమానమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కింద చాలా జవాబుల్లో అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

లండన్ డాక్టర్ జాన్ స్నో మ్యాప్ గీసి కలరా గుట్టు విప్పాడంటారు. నిజంగా మ్యాప్ చూసే కనిపెట్టాడా?

సగం నిజం. 1854 ఆగస్టు ఆఖర్లో లండన్‌లోని సోహో మీద కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో ఐదు వందల మందికి పైగా పోయారు. చెడు గాలి వల్లే కలరా వస్తుందని అప్పట్లో డాక్టర్లలో చాలామంది నమ్మకం. నీళ్ళ వల్ల వస్తుందని స్నో 1849లోనే రాశాడు. అంటే మ్యాప్ కంటే ముందే ఆయనకు అనుమానం ఉంది. ఆయన చెప్పాక సెప్టెంబరు 8న బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు హ్యాండిల్ ఊడదీశారు. అప్పటికే చావులు తగ్గుముఖం పట్టాయి, జనం చాలామంది ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. ఇప్పుడు అందరూ చూపించే మ్యాప్ 1855లో అచ్చయింది.

మరి అందులో గొప్ప ఏంటి? దగ్గరగా చూడండి. ఒక్కో చావుకి ఒక చిన్న నల్ల గీత. ఏ ఇంట్లో ఎంతమంది పోతే ఆ ఇంటి దగ్గర అన్ని గీతలు, ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి. పంపు చుట్టుపక్కల అవి గుట్టలుగా కనిపిస్తాయి. ఇది అందరూ చెప్పేదే. నేనైతే గీతలు లేని చోట్లే ముందు చూడమంటాను. పంపుకి కూతవేటు దూరంలో బీరు తయారుచేసే కార్ఖానా ఉంది, డెబ్భై మందికి పైగా పనివాళ్ళు, ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్ళకి పని దగ్గరే బీరు ఇచ్చేవాళ్ళు, కార్ఖానాకి సొంత బావి ఉంది. పోలండ్ స్ట్రీట్‌లో దిక్కులేనివాళ్ళని ఉంచే ఆశ్రమంలో ఐదు వందల మందికి పైగా ఉంటే పోయింది ఐదుగురు. దానికీ సొంత బావే. చెడు గాలే కారణమైతే ఆ గాలి ఈ రెండు ప్రహరీల దగ్గర ఎందుకు ఆగినట్టు? ఇంకోవైపు, ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక పెద్దావిడ కలరాతో పోయింది. ఆమెకి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళంటే ఇష్టం, పనిగట్టుకుని తెప్పించుకునేది.

తర్వాత సవరించిన మ్యాప్‌లో స్నో ఇంకో గీత కలిపాడు. ఆ గీత లోపలివాళ్ళకి నడకలో బ్రాడ్ స్ట్రీట్ పంపే దగ్గర, బయటివాళ్ళకి వేరే పంపు దగ్గర. నేరుగా కొలిచిన దూరం కాదు, సందులు తిరిగి బిందె మోసుకొచ్చే దూరం. గీత దాటితే చావులు పలచబడతాయి.

ఇంకో సంగతి. మురుగు కాలవల శాఖ కూడా అవే చావుల్ని మ్యాప్ మీద గుర్తించింది. వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది తమ కాలవలే కారణమా అని. కాదని తేలింది, అక్కడితో ఆగిపోయారు. సమాచారం ఒకటే అయినా అడిగిన ప్రశ్న వేరు. ఇక మొదట్లో స్నో మాట నమ్మని స్థానిక ఫాదరీ హెన్రీ వైట్‌హెడ్ ఇల్లిల్లూ తిరిగి విచారించాడు. పంపు పక్కింట్లో జబ్బుపడ్డ పసిపాప బట్టలు ఉతికిన నీళ్ళు బావిని ఆనుకున్న గుంటలోకి పోయాయని బయటపెట్టింది ఆయనే.

మ్యాప్‌లో ఖాళీగా ఉంటే అక్కడ ఏమీ లేనట్టేనా?

కాదు. ఖాళీలు రెండు రకాలు. ఒకటి, చూశాం, ఏమీ లేదు. రెండోది, ఎవరూ వెళ్ళి చూడలేదు. మ్యాప్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్టో ప్రిన్స్‌కి, ఎవరైనా ఎక్కించి మార్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్న వివరాలు చాలా తక్కువ. లక్షల మంది ఉండే నగరం అది. ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని వీధులు, కూలిన ఇళ్ళు, గుడారాలు వేసుకున్న చోట్లు గీశారు. కొద్ది రోజుల్లోనే సహాయ బృందాలు ఆ మ్యాప్ వాడటం మొదలుపెట్టాయి. అలాంటి ఖాళీలని ఆపద రాకముందే నింపాలని 2014లో మిస్సింగ్ మ్యాప్స్ అనే కార్యక్రమం మొదలైంది.

పక్షులు, సీతాకోకచిలుకలు ఎక్కడెక్కడ కనిపించాయో జనం నమోదు చేసే మ్యాపుల్లో ఇంకో తమాషా ఉంటుంది. చుక్కలన్నీ రోడ్ల వెంబడి, నగరాల చుట్టూ కనిపిస్తాయి. పక్షులకి రోడ్లంటే ఇష్టమని కాదు, చూసేవాళ్ళు తిరిగేది అక్కడే.

లేనివి కూడా మ్యాపుల్లో ఉంటాయా?

బోలెడు. 1798లో జేమ్స్ రెన్నెల్ పశ్చిమ ఆఫ్రికా మ్యాప్‌లో కాంగ్ పర్వతాలని ఒక పెద్ద పర్వతశ్రేణి గీశాడు. ఒకరి మ్యాప్ చూసి ఒకరు గీసుకుంటూ పోవడంతో దాదాపు వందేళ్ళు అది అలాగే నిలిచింది. 1880ల చివర్లో లూయీ గుస్తావ్ బింజే ఆ ప్రాంతమంతా తిరిగి, అక్కడ పర్వతశ్రేణి ఏదీ లేదని చెప్పాడు. అది పాత కాలం, ఉపగ్రహాలు లేవు అంటారా? ఆస్ట్రేలియాకి తూర్పున కోరల్ సముద్రంలో శాండీ ఐలాండ్ అనే దీవి గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఉండేది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధన నౌక అక్కడికి వెళ్తే దీవి లేదు సరికదా, అడుగున వెయ్యి మీటర్లకు పైగా లోతు.

కావాలని పెట్టినవీ ఉంటాయి. తమ మ్యాప్‌ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి 1930ల్లో ఒక అమెరికన్ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రం మ్యాప్‌లో అగ్లో అనే ఊరిని కల్పించింది. ఆ తర్వాత ఎవరో ఆ కూడలిలో కొట్టు పెట్టి, మ్యాప్ చూసి దానికి అగ్లో పేరే పెట్టారు. అలా లేని ఊరికి ఒక కొట్టు వచ్చింది!

గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత పెద్దదిగా కనిపిస్తుంది. మ్యాప్ మనల్ని మోసం చేస్తోందా?

ఆఫ్రికా గ్రీన్‌లాండ్ కంటే దాదాపు 14 రెట్లు పెద్దది. రబ్బరు బంతిని కోసి నేల మీద పరవబోతే ఎక్కడో సాగదీయాలి, లేదా చింపాలి. గుండ్రటి భూమిని కాగితం మీదకి తెచ్చినా అంతే. ఏదో ఒకటి చెడకుండా ఇది కుదరదని గణితజ్ఞుడు గౌస్ 1820ల్లోనే నిరూపించాడు. ఆకారం కాపాడితే వైశాల్యం చెడుతుంది, వైశాల్యం కాపాడితే ఆకారం చెడుతుంది.

గెరార్డస్ మెర్కేటర్ 1569లో తన మ్యాప్ గీసింది నావికుల కోసం. దాని మీద స్కేలు పెట్టి గీత గీస్తే, దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని ఆ గీత వెంబడే ఓడ నడపొచ్చు. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నీ సాగిపోతాయి. ఓడ నడపడానికి అది అద్భుతం. గోడకి తగిలించి దేశాల సైజులు పోల్చుకోవడానికి మాత్రం పనికిరాదు. తప్పు మెర్కేటర్‌ది కాదు, తగిలించినవాళ్ళది. ఫోన్ మ్యాపులు ఇప్పటికీ దాదాపు అదే పద్ధతి వాడతాయి, ఎందుకంటే వీధి దగ్గరికి జూమ్ చేసినప్పుడు మలుపులు వంకర పోకూడదు కదా.

ఉత్తరం ఎప్పుడూ పైనే ఎందుకుంటుంది?

అలవాటు. 1154లో సిసిలీ రాజు రెండో రోజర్ కోసం అల్ ఇద్రీసీ చేసిన ప్రపంచ పటంలో దక్షిణం పైనుంది. మధ్యయుగపు యూరప్ పటాల్లో చాలావాటికి తూర్పు పైన. అంతరిక్షంలో పైన, కింద అంటూ ఏమీ లేవు.

ఎవరూ కళ్ళతో చూడని సముద్రం అడుగుని ఎలా గీశారు?

శబ్దంతో. ఓడ నుంచి శబ్దం పంపి, అది అడుగుకి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు లెక్కకడతారు. కానీ ఓడ ఎటు పోతే ఆ గీత వెంబడే అంకెలొస్తాయి. మధ్యలో అంతా ఖాళీ.

1952లో న్యూయార్క్‌లో మేరీ థార్ప్ చేతికి అట్లాంటిక్ లోతుల అంకెలు అలాగే వచ్చాయి. ఆడవాళ్ళని పరిశోధన ఓడలు ఎక్కనివ్వని రోజులవి. సహోద్యోగి బ్రూస్ హీజెన్ ఓడల మీద నుంచి తెచ్చిన కొలతల్ని ఆమె బల్ల మీద గీతలుగా మార్చింది. సముద్రానికి అటు చివర నుంచి ఇటు చివరకి ఆరు అడ్డకోతలు. ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, సముద్రం నడుమ నీళ్ళ అడుగున ఉన్న పర్వతశ్రేణి శిఖరం మీద ప్రతిదాంట్లోనూ వీ ఆకారంలో ఒక నొక్కు. అది లోయ అని, అక్కడ భూమి పైపొర విడిపోతోందని ఆమె అంది. ఖండాలు కదులుతాయంటే నవ్వే కాలం. ఆడపిల్లల కబుర్లని హీజెన్ కొట్టిపారేశాడు.

అదే గదిలో పక్క బల్ల దగ్గర ఇంకొకతను సముద్రంలో భూకంపాలు వచ్చిన చోట్లు చుక్కలుగా పెడుతున్నాడు. సముద్రం అడుగున వేసే కేబుళ్ళు ఎక్కడ తెగుతున్నాయో తేల్చే పని అది. రెండు మ్యాపులూ ఒకే స్కేలు. దీపం వెలుతురు మీద ఒకదాని మీద ఒకటి పెడితే భూకంపాల చుక్కలు లోయ వెంబడి వరస కట్టాయి. దాంతో హీజెన్ దారికొచ్చాడు. 1957లో ఉత్తర అట్లాంటిక్ అడుగు మ్యాప్ వచ్చింది, 1977లో ప్రపంచ సముద్రాలన్నిటిదీ. రెండు వేరే పనుల కోసం గీసిన మ్యాపులు ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇప్పుడు కంప్యూటర్లో లేయర్ ఆన్ చేయడం అంటే అదే పని.

అయితే పని పూర్తయిందనుకోకండి. ఓడల మీది పరికరాలతో ఇప్పటి ప్రమాణాల ప్రకారం కొలిచింది సముద్రం అడుగులో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. మీరు స్క్రీన్ మీద చూసే మిగతా నీలి కొండలు, లోయలు చాలావరకు ఉపగ్రహాలు సముద్ర మట్టంలో చిన్నచిన్న ఎత్తుపల్లాలు కొలిస్తే, వాటిని బట్టి వేసిన అంచనా.

ఉపగ్రహాలు లేని రోజుల్లో నేలని అంత కచ్చితంగా ఎలా కొలిచారు?

త్రిభుజాలతో. ఒక్క గీతని నేల మీద జాగ్రత్తగా గొలుసుతో కొలుస్తారు. దాని రెండు చివర్ల నుంచీ దూరంగా ఉన్న ఒక గుట్ట వైపు కోణాలు చూస్తారు. మిగతా రెండు భుజాలూ లెక్కలో వచ్చేస్తాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, అలా దేశమంతా. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఇలాగే మొదలుపెట్టాడు. ఆ సర్వే చివరికి హిమాలయాల దాకా పోయింది. శిఖరం దగ్గరికి కూడా వెళ్ళకుండా, వంద మైళ్ళకు పైగా దూరం నుంచి చూసిన కోణాలతో ఎవరెస్ట్ ఎత్తు కట్టారు. ఆ లెక్కల్లో రాధానాథ్ సిక్దర్‌ది పెద్ద చెయ్యి. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే దాదాపు 29,032 అడుగులు. తేడా 30 అడుగులు.

ఫోన్‌కి నేనెక్కడున్నానో ఎలా తెలుస్తుంది?

దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు టైం చెబుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే, అది ఎంతసేపట్లో వచ్చిందో చూసి ఫోన్ దూరాలు లెక్కేసుకుంటుంది. ఉపగ్రహంలో గడియారం నేల మీది దానికంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది. ఐన్‌స్టీన్ సూత్రాల ప్రకారం దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులో కిలోమీటర్ల లెక్కన తప్పు పేరుకుంటుంది. ఎత్తైన బిల్డింగుల మధ్య చుక్క ఎగిరిపడుతుంటే కంగారు పడకండి, సిగ్నల్ గోడలకి తగిలి చుట్టుతిరిగి వస్తోందన్నమాట.

రంగులు నింపిన జిల్లాల మ్యాపులు, ఎన్నికల మ్యాపులు ఎంతవరకు నమ్మొచ్చు?

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. వార్తల్లో మనం చూసేవి ఎక్కువగా ఇవే.

మొదట చూడాల్సింది, రంగు దేన్ని చూపిస్తోంది? మొత్తం సంఖ్యనా, లక్ష మందికి ఎంత అన్న లెక్కనా? మొత్తం సంఖ్యలైతే మ్యాప్ చూపించేది జనాభానే. ఏ జబ్బు మ్యాప్ వేసినా పెద్ద నగరాలే ఎర్రగా వస్తాయి. రెండోది, పెద్ద జిల్లా కంటిని లాగేస్తుంది. జనం లేని ఎడారి స్క్రీన్‌లో సగం ఆక్రమిస్తుంది, కోటి మంది ఉన్న నగరం చుక్కలా ఉంటుంది. ఓట్లు వేసేది మనుషులు, ఎకరాలు కాదు. అందుకే జనాభాని బట్టి ప్రాంతాల సైజు మార్చి గీసే కార్టోగ్రామ్‌లు వచ్చాయి. చూడ్డానికి వికారంగా ఉంటాయి, కానీ నిజాయితీ ఎక్కువ.

లక్షకి ఎంత అని చూసినా ఒక ఉచ్చు ఉంది. అమెరికాలో కౌంటీల వారీగా కిడ్నీ క్యాన్సర్ రేటు చూస్తే అతి తక్కువ రేట్లు జనం పలచగా ఉండే పల్లె కౌంటీల్లో ఉంటాయి. పల్లె గాలి, పల్లె తిండి అని వెంటనే ఒక కథ అల్లుకుంటాం. కానీ అతి ఎక్కువ రేట్లు ఉన్నవీ అలాంటి పల్లె కౌంటీలే! జనం వెయ్యి మందే ఉన్న చోట ఒక్క కేసు వస్తే రేటు ఆకాశానికి పోతుంది, రాకపోతే సున్నా. పల్లెల్లో ఏదో ఉందని కాదు, అంకెలు చిన్నవి కావడం వల్ల వచ్చే ఊగిసలాట అది.

హద్దులు మార్చి అదే సమాచారంతో వేరే బొమ్మ రప్పించొచ్చు కూడా. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన నియోజకవర్గాల హద్దుల్లో ఒకటి ఎంత వంకరగా ఉందంటే, పేపర్‌వాళ్ళు దానికి గోళ్ళు, రెక్కలు తగిలించి రాక్షసి బొమ్మ వేశారు.

మ్యాపుల వల్ల నష్టం జరిగిందా?

జరిగింది. 1930ల్లో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ ఒకటి రెండు వందలకు పైగా నగరాల్లో పేటలకి గ్రేడ్లు ఇచ్చి రంగులు వేసింది. అప్పు ఇవ్వడం ప్రమాదం అన్నవాటికి ఎరుపు. నల్లజాతివాళ్ళు ఉండే పేటలు దాదాపు అన్నీ ఎరుపులోనే పడ్డాయి. ఆ కాలపు అప్పులిచ్చే పద్ధతులు ఆ పేటల్ని తరాల తరబడి వెనకే ఉంచేశాయి.

ఈ మధ్యది చెప్పాలంటే, 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామం యాప్ ప్రచురించిన ప్రపంచ మ్యాప్. జనం పరిగెత్తిన దారులన్నీ అందులో వెలిగిపోతుంటాయి. ఎడారిలో, చుట్టూ చీకటి ఉన్న చోట, చిన్న చతురస్రంలో వెలుగులు కనిపించాయి. అవి సైనిక స్థావరాలు, సైనికులు లోపల జాగింగ్ చేశారు. పేర్లు తీసేశాం కాబట్టి భయం లేదనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

దూరాలే తప్పుగా ఉన్న మెట్రో మ్యాప్‌ని మంచి మ్యాప్ అంటారేంటి?

రైల్లో కూర్చున్నవాళ్ళకి మైళ్ళతో పనిలేదు. ఏ లైను, ఎక్కడ మారాలి, ఎన్ని స్టేషన్లు, అంతే కావాలి. ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్ హ్యారీ బెక్ దీన్ని పట్టుకుని, గీతలన్నీ నిలువు, అడ్డం, ఏటవాలుగా సర్దేశాడు. లండన్ అండర్‌గ్రౌండ్ 1933లో దాన్ని అచ్చువేసింది. ఇప్పుడు ఏ నగరంలో చూసినా అదే తరహా.

కాగితం లేని సమాజాల్లో మ్యాపులు ఉండేవా?

ఉండేవి, కొన్ని మనవాటికన్నా తెలివైనవి. పసిఫిక్‌లోని మార్షల్ దీవుల నావికులు ఈనెలు కట్టి చట్రంలా చేసేవాళ్ళు, దీవుల చోట గవ్వలు. అందులో ఈనెల వంపులు చూపించేది నేలని కాదు, దీవులకి తగిలి అలలు ఎలా వంగి తిరుగుతాయో. దాన్ని పడవలో తీసుకెళ్ళరు. ఒడ్డునే నేర్చుకుని, సముద్రంలో పడవ ఊగే తీరుని బట్టి దీవి ఎటుందో పోల్చుకునేవాళ్ళు. తూర్పు గ్రీన్‌లాండ్‌లో తీరపు వంకరల్ని కర్ర మీద చెక్కి ఉంచినవి దొరికాయి. చీకట్లో కూడా వేళ్ళతో తడిమి చదువుకోవచ్చు.

భూమినే కాకుండా వేరేవాటికి కూడా మ్యాపులు వేస్తారా?

1909లో కార్బినియన్ బ్రోడ్‌మన్ మెదడు పైపొరని కణాల అమరికని బట్టి ప్రాంతాలుగా విడగొట్టి నంబర్లు ఇచ్చాడు, డాక్టర్లు ఇప్పటికీ ఆ నంబర్లు వాడతారు. 2013లో వెళ్ళిన గయా అంతరిక్ష నౌక దాదాపు 180 కోట్ల నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. అయినా మన పాలపుంతలో ఉన్నవాటిలో అది ఒకటి రెండు శాతమే.

సొంతంగా ఒక మ్యాప్ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్‌తో మాత్రం కాదు. ముందు ఒక ప్రశ్న రాసుకోండి. మా వీధుల్లో రాత్రి నడవడానికి భయం వేసేది ఎక్కడ? వాన పడితే నీళ్ళు నిలిచేది ఎక్కడ? కాగితం మీద వీధుల గీతలు గీసుకుని, తిరిగి చూసి గుర్తులు పెట్టండి. చూసి ఏమీ లేని చోట కూడా ఒక గుర్తు పెట్టండి, సున్నా అయినా సరే. లేకపోతే తర్వాత మీరే చూడని చోటు ఏదో, చూసి లేదనుకున్న చోటు ఏదో మర్చిపోతారు. తేదీ వేయండి.

ఆ తర్వాత కంప్యూటర్. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదట్లో కాస్త టెన్షన్ పెడుతుంది గానీ నాలుగు రోజులు పట్టుబడితే లొంగుతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరికైనా ఉచితం. ఒకే చెరువుని పాత చిత్రంలో, కొత్త చిత్రంలో పక్కపక్కన పెట్టి చూడండి, మంచి మొదటి పాఠం. నలుగురికీ పంచే ముందు మాత్రం, మీ చుక్కల వల్ల ఫలానా ఇంట్లో ఫలానావాళ్ళు అని తెలిసిపోతుందేమో చూసుకోండి. అలా అయితే చుక్కలు తీసేసి వీధి మొత్తానికి లెక్క ఇవ్వండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా వీధి తప్పుగా ఉంది. నేను మార్చొచ్చా?

మార్చొచ్చు. 2004లో మొదలైనప్పటి నుంచి అది నడిచేదే అలా. అకౌంట్ తెరిచి, ఎడిట్ నొక్కి, మీరు కళ్ళారా చూసిందే పెట్టండి. వేరే కంపెనీ మ్యాప్ చూసి మాత్రం ఎక్కించకండి, కాపీరైట్ గొడవ ఒకటి, అందులో అగ్లోలు ఉండొచ్చన్నది ఇంకొకటి.